బడి కోసం ఆన్‌లైన్ విరాళాలు: క్యూఆర్ కోడ్ పెట్టేముందు తేల్చుకోవాల్సిన సంగతులు

అడిగింది ఇదీ: "మాది మండల కేంద్రంలో జిల్లా పరిషత్ హైస్కూలు. 1998 పదో తరగతి బ్యాచ్ వాళ్ళం మళ్ళీ కలిశాం. బడికి బెంచీలు, బాగా చదివే పేద పిల్లలకు ఇంటర్ ఫీజులు ఇద్దామని నా యూపీఐ నంబరు గ్రూపులో పెట్టాను. ఇప్పటికి 3,40,000 వచ్చాయి. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్నవాళ్ళు కూడా పంపుతామంటున్నారు. వెబ్‌సైటులో డొనేట్ బటన్ పెట్టాలంటే ట్రస్టు రిజిస్టర్ చేస్తే సరిపోతుందా? 80జి తప్పనిసరా?"

పందొమ్మిదేళ్ళుగా చిన్న ట్రస్టులకూ సొసైటీలకూ లెక్కలు రాస్తున్నాను. మీరు 80జి గురించి నొక్కి అడిగారు, అమెరికా స్నేహితుల సంగతి మాత్రం మాటవరసకు చెప్పి వదిలేశారు. నాకు భయం వేసింది ఆ రెండో మాట దగ్గరే. 80జి లేకపోయినా సంస్థ నడుస్తుంది, దాతకు పన్ను మినహాయింపు రాదు, అంతే. తీసుకోకూడని డబ్బు తీసుకున్న సంస్థకు మాత్రం ఊపిరాడదు. అక్కడికి వచ్చేముందు మీ ఖాతాలో ఉన్న మూడు లక్షల నలభై వేల సంగతి చూద్దాం.

ఆ డబ్బు బడిది అని మీకు తెలుసు, గ్రూపులో అందరికీ తెలుసు. బ్యాంకు స్టేట్‌మెంటుకు తెలియదు. బంధువులు కానివాళ్ళ దగ్గర్నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో మొత్తం 50,000 దాటి ఊరికే డబ్బు వస్తే, ఆదాయపు పన్ను చట్టం దాన్ని తీసుకున్నవాడి ఆదాయంగానే చూస్తుంది. అదీ దాటిన భాగం మీద కాదు, మొత్తం మీద. "ఊరి కోసం తీసుకున్నాను, నాది కాదు" అని మీరు వాదించవచ్చు, అందులో న్యాయమూ ఉంది. కానీ రుజువు చూపించాల్సింది మీరు. కాబట్టి ఈ రోజే ఒక పుస్తకం తెరవండి. తేదీ, పంపినవారి పూర్తి పేరు, యూపీఐ రిఫరెన్సు నంబరు, మొత్తం. ఎదురుగా ఖర్చు, దాని బిల్లు. వడ్రంగికి ఇచ్చిన అడ్వాన్సుకు చీటీ లేకపోతే ఇప్పుడే వెళ్ళి రాయించుకోండి, ఆర్నెల్లు పోతే అతనికీ గుర్తుండదు, మీకూ గుర్తుండదు. గ్రూపులో మీ నంబరు పెట్టిన మెసేజ్‌ను తీసేయకండి. ఆ డబ్బు ఎందుకు అడిగారో చెప్పే సాక్ష్యం అదొక్కటే. ఇకమీదట ఆ నంబరుకు పంపవద్దని కొత్త మెసేజ్ పెట్టండి.

ఇంకో మాట. మీ ఆశ ఈ ఒక్క ఏడాది బెంచీల వరకే అయితే అసలు ట్రస్టే అక్కర్లేకపోవచ్చు. కేంద్ర విద్యాశాఖ నడిపే విద్యాంజలి పోర్టల్‌లో ప్రభుత్వ బడులు తమకు కావలసిన వస్తువులు పెడతాయి, ఇక్కడున్న మీరు బెంచీలు కొని నేరుగా బడికి అప్పగించవచ్చు. హెడ్మాస్టరు గారితో మాట్లాడి స్టాకు రిజిస్టరులో ఎక్కించుకుంటే పని అయిపోతుంది. రిజిస్ట్రేషన్ అంటే ఏటా ఆడిట్, ఏటా రిటర్ను, ఏటా సమావేశం. ఉత్సాహం చల్లారాక కూడా ఇవన్నీ చేసే ముగ్గురు మనుషులు ఊళ్ళోనో పక్క పట్నంలోనో ఉన్నారా అన్నది నిజాయితీగా చూసుకోండి. ఉంటే ముందుకు వెళ్ళండి. పిల్లల ఫీజులు ఏటా కట్టాలనుకుంటున్నారు గనుక మీకు సంస్థ అవసరమే అనుకుని మిగతాది రాస్తున్నాను.

ఇప్పుడు డాలస్ సంగతి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010, అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనేది, డబ్బు డాలర్లలో వచ్చిందా రూపాయల్లో వచ్చిందా అని అడగదు. ఇచ్చిన మనిషి ఏ దేశ పౌరుడు అని అడుగుతుంది. మీ గ్రూపులో అమెరికాలో ఇద్దరు ఉన్నారనుకుందాం. ఒకాయన హెచ్1బీ మీద ఉన్నాడు, చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు. తన జీతంలో మిగుల్చుకున్నది మామూలు బ్యాంకు దారిలో మీ ట్రస్టుకు పంపితే అది విదేశీ విరాళం కాదు. గ్రీన్ కార్డు ఉన్నా ఇదే మాట, ఎందుకంటే గ్రీన్ కార్డు పౌరసత్వం కాదు. రెండో ఆయన పక్క వీధిలోనే ఉంటాడు, మీతో అదే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాడు, కానీ అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) మీద సంక్రాంతికి వస్తాడు. ఆయన ఇచ్చేది విదేశీ విరాళమే. ఊరికి వచ్చి మీ చేతిలో పది వేలు పెట్టినా, హైదరాబాదులోని తన ఖాతా నుంచి రూపాయల్లో బదిలీ చేసినా అంతే. ఓసీఐ కార్డు ఉంది గదా, మనవాడే గదా అంటారు. మనవాడే. చట్టం లెక్కలో విదేశీ పౌరుడు.

ఇందులో ఈమధ్య వచ్చిన చిక్కు ఒకటుంది. 2023 జనవరిలో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ అమెరికా, బ్రిటన్, సింగపూర్, యూఏఈ సహా పది దేశాల ఫోను నంబర్ల మీద, విదేశాల్లో ఉండేవాళ్ళు ఇక్కడి బ్యాంకుల్లో తెరిచే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలతో యూపీఐ వాడుకోవడానికి దారి తెరిచింది. అంటే మీ క్యూఆర్ కోడ్‌ను డాలస్‌లో కూర్చుని స్కాన్ చేయవచ్చు. మీ స్టేట్‌మెంటులో అది ఖమ్మం నుంచి వచ్చిన ఐదు వందల పక్కనే, అదే రూపంలో కనబడుతుంది. పేమెంట్ గేట్‌వేలో (సైటు తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సంస్థ దగ్గర) అంతర్జాతీయ కార్డులు ఆపేశాం, మాకు ఎఫ్‌సీఆర్‌ఏ గొడవ లేదు అనుకునేవాళ్ళు ఈ సందులోనే జారిపడుతున్నారు.

నేను లెక్కలు చూసిన ఒక చిన్న సంస్థలో ఇదే జరిగింది. ఒక డాక్టరు గారు తండ్రి పేరు మీద పిల్లల పుస్తకాలకు లక్ష రూపాయలు పంపారు. హైదరాబాదు బ్యాంకు, తెలుగు పేరు, పాన్ కార్డు కూడా ఉంది. రసీదు పంపడానికి చిరునామా అడిగితే టెక్సస్ చిరునామా వచ్చింది. పాస్‌పోర్టు మొదటి పేజీ పంపమంటే ముదురు నీలం అట్ట, పైన గద్ద బొమ్మ, అంటే అమెరికా పాస్‌పోర్టు. ఆ లక్షలో రూపాయి కూడా ఖర్చు పెట్టనివ్వలేదు. వచ్చిన ఖాతాకే తిప్పి పంపించి, ఎందుకు పంపామో ఉత్తరం రాసి, ట్రస్టీల మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయించి, ఆడిటరుకు ముందే చెప్పాం. డాక్టరు గారు నొచ్చుకున్నారు. ఆ ఉత్తరం రాస్తుంటే నాకూ బాధ వేసింది, తండ్రి గురించి ఆయన అంత ప్రేమగా రాశారు. కానీ ఎఫ్‌సీఆర్‌ఏ ఉల్లంఘనకు ఐదేళ్ళ దాకా జైలు రాసి ఉంది. సంతకాలు పెట్టిన రిటైర్డు మాస్టారును ఆ ప్రమాదంలోకి నెట్టే హక్కు మనకు లేదు.

మరి వాళ్ళ డబ్బు తీసుకునే దారే లేదా? ఉంది, నిదానంగా. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్ళు నిండాలి, గడిచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు సేవా కార్యక్రమాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. సేవాసంస్థలు నమోదయ్యే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్ నంబరు, పదవుల్లో ఉన్నవాళ్ళ ఆధార్ అడుగుతారు. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళం మొదట పడాల్సింది ఢిల్లీలో సంసద్ మార్గ్‌లో ఉన్న స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాలోనే. పాలనా ఖర్చులకు 20 శాతం మించకూడదు, అంతకుముందు 50 శాతం ఉండేది. ఏడాది ముగిసిన తొమ్మిది నెలల్లో, అంటే డిసెంబరు 31లోగా, ఎఫ్‌సీ-4 రిటర్ను వేయాలి. మూడేళ్ళు నిండని సంస్థ ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని దాత రాసిచ్చిన హామీ పత్రంతో కేంద్ర హోం శాఖను ముందస్తు అనుమతి అడగవచ్చు.

"ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ ఖాతాలో వేయించి, వాళ్ళ దగ్గర్నుంచి మనం తీసుకుందాం" అని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. 2020 నుంచి అది కుదరదు. ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషేధం, తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నా సరే. ఆ పెద్ద సంస్థే స్వయంగా మీ ఊరి బడిలో పని చేసి తన లెక్కల్లో ఖర్చు రాసుకుంటే తప్పు లేదు. మీ అమెరికా పౌరులకు నేను చెప్పే దారి ప్రస్తుతానికి అదే. అలాగే "మా అమ్మ ఖాతాకు పంపుతాను, అమ్మ పేరున మీకిస్తుంది" అనేవాళ్ళూ ఉంటారు. ఇంటి ఖర్చులకు తల్లికి కొడుకు పంపడం వేరు, చట్టాన్ని తప్పించుకోవడానికి తల్లి పేరు వాడుకోవడం వేరు. రేపు అధికారి ముందు జవాబు చెప్పాల్సింది ఆ పెద్దావిడ. ఆ పని చేయనివ్వకండి.

మీ సొంత ఖాతాకు వచ్చిన 3,40,000లో ఇలాంటివారి డబ్బు ఉందేమో కూడా చూడండి. ఈ చట్టం సంస్థలకే కాదు, వ్యక్తులకూ వర్తిస్తుంది. ఉంటే ముట్టుకోకుండా పక్కన పెట్టి, ఎఫ్‌సీఆర్‌ఏ పని తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటును కలవండి.

ఇక సంస్థ రూపం. మన రెండు రాష్ట్రాల్లో సొసైటీ అయితే 2001 సొసైటీల చట్టం కింద, కనీసం ఏడుగురు సభ్యులతో. ట్రస్టు అయితే డీడు (ట్రస్టు పత్రం) రాసుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవడం. కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద కంపెనీ కూడా పెట్టవచ్చు, మీ స్థాయికి అది బరువు. నలభై మంది బ్యాచ్, ఎవరూ ఎవరి మీదా పెత్తనం చేయకూడదు అనుకుంటే సొసైటీ నయం. నిలకడగా పని చేసే నలుగురైదుగురు ఉంటే ట్రస్టు సులువు. నేనైతే మీకు ట్రస్టే చెబుతాను. వాట్సాప్ గ్రూపుల్లో కమిటీ ఎన్నికలు ఎటు పోతాయో చాలాసార్లు చూశాను.

డీడు మాత్రం డాక్యుమెంటు రైటరు దగ్గరున్న పాత నమూనా దింపించకండి. సంస్థ మూతపడితే ఆస్తి అలాంటి ఇంకో సేవాసంస్థకే పోవాలని, వ్యవస్థాపకులు వెనక్కి తీసుకోలేరని అందులో స్పష్టంగా ఉండాలి. లబ్ధిదారుల దగ్గర ఇంకా జాగ్రత్త. "మా కులం విద్యార్థులకు స్కాలర్‌షిప్" అని రాస్తే 80జి రాదు, ఒక్క కులానికో మతానికో పరిమితమైన ప్రయోజనాన్ని ఆ సెక్షన్ ఒప్పుకోదు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాలు, స్త్రీలు, పిల్లలు అని రాస్తే ఈ అభ్యంతరం లేదు. "బ్యాచ్ సభ్యుల సంక్షేమం" అన్న మాట కూడా ఆశయాల్లో పెట్టకండి. గెట్ టుగెదర్ భోజనాల డబ్బు వేరే డబ్బా, వేరే మనిషి. రెండూ ఒకే ఖాతాలో కలిస్తే ట్రస్టు సొమ్ముతో సభ్యులు విందు చేసుకున్నట్టు కనబడుతుంది.

తర్వాత ట్రస్టు పేరున పాన్. నాలుగో అక్షరం చూడండి, ట్రస్టుకు "టి" ఉంటుంది, మనిషికి "పి". ఆ పాన్‌తోనే బ్యాంకు ఖాతా. 2023 మార్చిలో మనీ లాండరింగ్ నిరోధక నియమాలు మారాక సేవాసంస్థల వివరాలు దర్పణ్‌లో ఉండేలా చూడాల్సిన బాధ్యత బ్యాంకుల మీద పడింది, అందుకే మేనేజరు దర్పణ్ నంబరు అడుగుతాడు.

12ఎ అంటే సంస్థ ఆదాయానికి మినహాయింపు, 80జి అంటే దాతకు మినహాయింపు. కొత్త సంస్థకు మొదట మూడేళ్ళ తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. సర్టిఫికెట్టు రాగానే ఫ్రేము కట్టించి మరిచిపోతారు, చిన్న ట్రస్టులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోగా, లేదా మూడేళ్ళ గడువు తీరడానికి ఆరు నెలల ముందు, ఏది ముందైతే అప్పటికి రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. మీరు వచ్చిన నెలలోనే ఫీజులు కడతారు కాబట్టి మీకు గడువు మూడేళ్ళు కాదు, ఆర్నెల్లే. ఇంకో సంగతి, 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం 2025 వచ్చింది, 80జి అందులో సెక్షన్ 133. అందరి నోళ్ళలో నలిగిన పాత నంబర్లే ఇక్కడ వాడుతున్నాను, దరఖాస్తు చేసే రోజు పోర్టల్‌లో కొత్త నంబరు చూసుకోండి.

80జి గురించి దాతలకు ఎక్కువ ఆశ పెట్టకండి. మామూలు ట్రస్టుకు ఇచ్చినదాంట్లో సగానికే మినహాయింపు, దానికీ పరిమితి ఉంది. 2,000 దాటిన నగదుకు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి అసలే రాదు.

వెబ్‌సైటులో డొనేట్ బటన్ పెట్టాలంటే పేమెంట్ గేట్‌వే వాళ్ళు డీడు, ట్రస్టు పాన్, బ్యాంకు ఖాతా రుజువు, సంతకం చేసేవారి గుర్తింపు, తీర్మానం అడుగుతారు. సైటులో చిరునామా, డబ్బు వాపసు పద్ధతి, వివరాల గోప్యత గురించి పేజీలు ఉండాలంటారు. ఇవి పెద్ద కష్టం కాదు. ముఖ్యమైనది బటన్‌కు ముందు వచ్చే ఫారం. పూర్తి పేరు, చిరునామా, పాన్, ఫోను, వాటి కింద "నేను భారత పౌరుడిని/పౌరురాలిని, ఈ విరాళం నా సొంత డబ్బు" అన్న గడి. ఆ గడి నింపకుండా చెల్లింపు ముందుకు పోకూడదు. విదేశీ చిరునామా రాస్తే పాస్‌పోర్టు ప్రతి అడగాలి. అంతర్జాతీయ కార్డులు ఆపి ఉంచండి. ఉత్త క్యూఆర్ కోడ్‌ను ఫ్లెక్సీ మీద వేయకండి, అది ఫారానికి దారి చూపే క్యూఆర్ అయితే వేయండి. దాతల పాన్‌లు, పాస్‌పోర్టులు గ్రూపులో షేరు చేయకండి, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 మీ ట్రస్టుకూ వర్తించేదే.

పేరు లేని విరాళాలకు ఇంకో లెక్క ఉంది. పేరూ చిరునామా రాసి పెట్టుకోని విరాళాలు మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే దాన్ని దాటితే, దాటిన భాగానికి 30 శాతం పన్ను. గుళ్ళ వంటి పూర్తి మతసంస్థలకు ఇది వర్తించదు, మీకు వర్తిస్తుంది.

రసీదు దగ్గర ఒక చిన్న విషయం. దాత 1,000 కొట్టాడు. గేట్‌వే 2 శాతం రుసుము 20, దాని మీద జీఎస్టీ 3.60 పట్టుకుని మీ ఖాతాలో 976.40 వేసింది. రసీదు 1,000కే ఇవ్వాలి, 23.60 ఖర్చు రాయాలి. చాలామంది 976.40కే రసీదు ఇచ్చి దాతలతో మాట పడతారు. అలాగే మార్చి 31 రాత్రి ఇచ్చిన విరాళం మీ ఖాతాలోకి ఏప్రిల్ 2న రావచ్చు. దాత ఇచ్చింది మార్చిలోనే. బ్యాంకు తేదీ చూసి పక్క ఏడాదిలో రాస్తే ఆయన రిటర్నుకూ మీ లెక్కకూ పొంతన కుదరదు. గేట్‌వే రిపోర్టు, బ్యాంకు స్టేట్‌మెంటు నెలనెలా పక్కపక్కన పెట్టి సరిచూడండి.

ఎందుకింత పట్టుదల అంటే మే నెల కోసం. 80జి ఉన్న సంస్థ ఏటా మే 31లోగా దాతల పేర్లు, పాన్ వంటి గుర్తింపు సంఖ్యలు, మొత్తాలతో ఫారం 10బీడీ దాఖలు చేయాలి. అప్పుడే ఒక్కొక్కరికీ 10బీఈ సర్టిఫికెట్టు దిగుతుంది. మనం అచ్చు వేయించిన రంగు రసీదుతో దాతకు మినహాయింపు రాదు, దీనితోనే వస్తుంది. ఆలస్యమైతే రోజుకు 200 రుసుము, అసలు వేయకపోతే 10,000 నుంచి లక్ష దాకా జరిమానా. ఒక మే నెలలో యూపీఐ స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని, సగం పేరు, సగం ఫోను నంబరు ఉన్న దాతలకు వరసగా ఫోన్లు చేశాను. ఒకావిడ "పాన్ ఎందుకమ్మా, మోసమా ఏంటి?" అని పెట్టేసింది. ఆమె తప్పేం లేదు. ఇచ్చిన రోజే అడిగి ఉంటే సంతోషంగా చెప్పేది.

మిగతావి మీ ఆడిటరు చూసుకుంటాడు: ఏడాది ఆదాయంలో 85 శాతం ఆశయాల మీద ఖర్చు చేయడం, ఆడిట్ రిపోర్టు, ట్రస్టులు వేసే పన్ను రిటర్ను ఐటీఆర్-7. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు అడిగేటప్పుడు సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ కావాలి. తరగతి గదికి దాత తండ్రి పేరు రాస్తే జీఎస్టీ పడుతుందా అని ఎవరైనా భయపెడితే, 2019 అక్టోబరులో వచ్చిన 116వ సర్క్యులర్ చూపించండి. వ్యాపార ప్రచారం లేకుండా కృతజ్ఞతగా పేరు రాస్తే జీఎస్టీ లేదు.

ఈ రాత్రికి గ్రూపులో పెట్టడానికి మెసేజ్ రాసిస్తున్నాను, మీ పేరుతో వాడుకోండి: "మిత్రులారా, నా నంబరుకు ఇక డబ్బు పంపకండి. ట్రస్టు ఖాతా తెరిచాక చెబుతాను. ఇప్పటిదాకా ఇచ్చినవారి జాబితా, ఖర్చుల బిల్లులు ఆదివారం పెడతాను, మీ పేరు, మొత్తం సరిచూసుకోండి. విదేశాల్లో ఉన్నవాళ్ళు మీది ఏ దేశం పాస్‌పోర్టో నాకు విడిగా చెప్పండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ట్రస్టుకు ఇవ్వవచ్చు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్నవాళ్ళ దగ్గర ప్రస్తుతం తీసుకోలేం, ఏమీ అనుకోవద్దు. మీకోసం ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థతో మాట్లాడుతున్నాను, వాళ్ళే మన బడిలో పని చేసేలా చూస్తాను."

డీడు ముసాయిదా తయారయ్యాక ఆశయాల పేరా ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.